టీవీలో ఒక రోజంతా పాత హాలీవుడ్: ఏ వరసలో చూడాలి, ఎక్కడ కళ్లు పెట్టాలి

పాత హాలీవుడ్ సినిమాల మీద చిన్న చిన్న విశేషాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. జాబితాగా చదివితే సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. అదే విశేషం సినిమా నడుస్తుండగా, సరిగ్గా ఆ షాటుకి ముందు తెలిస్తే మాత్రం ఆ షాటుని ఇక మర్చిపోలేం. ఈ మార్గదర్శి ఆ నమ్మకంతోనే రాస్తున్నాను. ఒక సెలవు రోజు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది లోపు అయిదు సినిమాలు ఎలా చూడాలి, టీవీ ఎలా సర్దుకోవాలి, ఏ విశేషాన్ని ఎప్పుడు బయటపెట్టాలి అన్నది ఇందులో ఉంటుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇది తేలిక. ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి కొన్ని నెలలు ఉండే ఇళ్లలో, ముసురు పట్టిన శనివారాల్లో బాగా కుదురుతుంది. ఇండియాలో ఉన్నవాళ్లు ఇదే వరసని డిస్కులతోనో, ఆన్‌లైన్‌లో అద్దెకి తీసుకునో అమర్చుకోవచ్చు.

మొదటి మెట్టు: ఛానెల్ తీరు తెలుసుకోండి

అమెరికాలో ఈ పనికి పుట్టిన ఛానెల్ టర్నర్ క్లాసిక్ మూవీస్, అందరూ టీసీఎం అంటారు. 1994 ఏప్రిల్ 14న 'గాన్ విత్ ద విండ్'తో మొదలైంది. సినిమా మధ్యలో యాడ్స్ వేయరు, అదే దాని ప్రాణం. దాని వెనకున్న కథ కూడా తెలుసుకోదగ్గది. టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ 1986లో ఎంజీఎం స్టూడియోని కొని, కొద్ది కాలానికే చాలా భాగం తిరిగి అమ్మేశాడు. పాత సినిమాల నిల్వని మాత్రం వదల్లేదు. ఎంజీఎం సినిమాలతో పాటు 1950కి ముందు వార్నర్ బ్రదర్స్ తీసినవి కూడా అలా ఆయన చేతికొచ్చాయి. తొంభైల్లో మన దేశంలో కేబుల్ టీవీ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: కార్టూన్ నెట్‌వర్క్ అయిపోగానే అదే ఛానెల్‌లో టీఎన్‌టీ పేరుతో నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమాలు మొదలయ్యేవి. అవి కూడా ఈ టర్నర్ సంస్థ వేసినవే.

టీసీఎం షెడ్యూలు చదవడం తెలియాలి. వాళ్ల రోజు ఈస్టర్న్ టైమ్ ప్రకారం పొద్దున ఆరింటికి మొదలవుతుంది. పగలంతా తరచుగా ఒకే దారం ఉంటుంది: ఆ రోజు పుట్టినరోజు ఉన్న నటుడో, ఒక దర్శకుడో, ఒక అంశమో. రాత్రి ఎనిమిదికి వ్యాఖ్యాత వచ్చి సినిమాకి ముందు కాసేపు మాట్లాడతారు. ఆ ముందు మాటల్ని వదిలేయకండి, సగం విశేషాలు అక్కడే దొరుకుతాయి. ఛానెల్ మొదలైన రోజు నుంచి 2017లో చనిపోయేదాకా ఆ పని చేసినవాడు రాబర్ట్ ఆస్బోర్న్. సినిమా తెలిసిన పెద్దమనిషి మన హాల్లోకి వచ్చి కూర్చుని చెబుతున్నట్టు ఉండేది ఆయన మాట. 2003 నుంచి కనిపిస్తున్న బెన్ మాంకివిజ్, 'సిటిజన్ కేన్' స్క్రీన్‌ప్లేకి ఆర్సన్ వెల్స్‌తో కలిసి ఆస్కార్ అందుకున్న హెర్మన్ మాంకివిజ్‌కి మనవడు. తాత రాసిన సినిమాని మనవడు పరిచయం చేయడం ఆ ఛానెల్‌లోనే చూడగలం.

టైములు 6:15, 7:45 అన్నట్టు వంకరటింకరగా ఉంటాయి. యాడ్స్ లేవు కాబట్టి సినిమా నిడివిని బట్టే తర్వాతది మొదలవుతుంది. మధ్యలో మిగిలిన పది నిమిషాల్లో పాత లఘుచిత్రాలు వేస్తారు. రికార్డు పెట్టేటప్పుడు ముందొక అయిదు నిమిషాలు, వెనకొక పది నిమిషాలు కలుపుకోండి. లేకపోతే వ్యాఖ్యాత మాటలు పోతాయి, ఒక్కోసారి ఆఖరి సీనూ పోతుంది.

ఆగస్టు నెలంతా రోజుకొక తార చొప్పున 24 గంటలూ వాళ్ల సినిమాలే వేసే కార్యక్రమం ఒకటుంది, 'సమ్మర్ అండర్ ద స్టార్స్'. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్ని ఎంచుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఒకే మొహాన్ని రోజంతా చూస్తే మూడో సినిమాకి మనసు మూసుకుపోతుంది. కొన్ని వారాలు షెడ్యూలు గమనిస్తూ కావలసిన సినిమాలు రికార్డు చేసుకుని, రోజుని మీరే కూర్చుకోండి.

రెండో మెట్టు: టీవీని పాత సినిమాకి సర్దడం

దీనికి పావుగంట పడుతుంది, ఫలితం రోజంతా ఉంటుంది.

1953కి ముందు హాలీవుడ్ బొమ్మ దాదాపు చదరంగా, 1.37కి 1 నిష్పత్తిలో ఉండేది. ఆ ఏడాది 'ద రోబ్'తో సినిమాస్కోప్ వచ్చాక తెర వెడల్పయింది. మన టీవీలు 16:9. కాబట్టి పాత బొమ్మకి రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి, అవి వస్తేనే సరిగ్గా ఉన్నట్టు. తెర నిండా కనపడాలని రిమోట్‌తో సాగదీస్తే మొహాలు పక్కకి బలిసిపోతాయి, జూమ్ చేస్తే తలలు తెగుతాయి. యూట్యూబ్‌లో పాత తెలుగు సినిమాలు చూసేటప్పుడూ ఇదే సూత్రం.

తర్వాత మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అన్న పేర్లతో సెట్టింగుల్లో ఉంటుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఈ సౌకర్యం మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి కదలికని నున్నగా చేసేస్తుంది. దాంతో సినిమా కాస్తా టీవీ సీరియల్లా తేలిపోతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీలో అది ఒక్కటి నొక్కితే చాలు. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఫిల్ము మీద ఉండే సన్నని రేణువు కూడా బొమ్మలో భాగమే. దాన్ని తుడిచేస్తే మొహాలు మైనంలా కనిపిస్తాయి.

ధ్వనికి సరౌండ్ అక్కర్లేదు, ఆ కాలం సినిమాలు ఎక్కువగా మోనోలోనే ఉన్నాయి. సౌండ్‌బార్‌ని స్టాండర్డ్‌లో ఉంచండి. క్యాప్షన్లు మాత్రం తప్పకుండా పెట్టండి. ముప్పైల నాటి నటులు ఇప్పటివాళ్ల కంటే చాలా వేగంగా మాట్లాడతారు, జోకు పూర్తయ్యేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి కూడా అక్షరాలు కింద కనపడితే టెన్షన్ ఉండదు.

రంగులద్దిన ప్రింటు దొరికితే తీసుకోకండి. ఎనభైల్లో టర్నరే తన దగ్గరున్న నలుపు తెలుపు సినిమాలకి కంప్యూటర్‌తో రంగులు వేయిస్తే దర్శకులు మండిపడ్డారు. ఆ గొడవ ఊపులోనే 1988లో అమెరికా కాంగ్రెస్ సినిమాల పరిరక్షణ చట్టం చేసింది. ఏటా 25 సినిమాలని ఎంపిక చేసే నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ అలా పుట్టింది. మనకి 2010లో రంగుల 'మాయాబజార్' వచ్చినప్పుడు జనం థియేటర్లకి వెళ్లి సంతోషంగా చూశారు, ఆ సంతోషాన్ని తక్కువ చేయను. కానీ నలుపు తెలుపులో పని చేసిన కెమెరామన్ వెలుగు నీడలతోనే ఆలోచిస్తాడు. ఈ రోజు చూసే ఆఖరి సినిమాలో అది కళ్లారా కనిపిస్తుంది.

మూడో మెట్టు: వరస

అయిదుకి మించొద్దు. నేను చెప్పే అయిదూ కలిపి దాదాపు 8 గంటల 15 నిమిషాలు వస్తాయి.

పొద్దున 8:00 — 'ద జనరల్' (1926), ప్రింటుని బట్టి 75 నుంచి 80 నిమిషాలు
9:45 — 'ఇట్ హ్యాపెండ్ వన్ నైట్' (1934), 105 నిమిషాలు
మధ్యాహ్నం 1:00 — 'సింగిన్ ఇన్ ద రెయిన్' (1952), 103 నిమిషాలు
సాయంత్రం 4:00 — 'కాసాబ్లాంకా' (1942), 102 నిమిషాలు
రాత్రి 8:00 — 'డబుల్ ఇండెమ్నిటీ' (1944), 107 నిమిషాలు

ఈ వరస సంవత్సరాల ప్రకారం లేదు, కావాలనే అలా పెట్టాను. మాటలు లేని సినిమా పొద్దున్నే పెడితే కళ్లు పదునెక్కుతాయి, ఇంట్లో పిల్లలు కూడా కూర్చుంటారు. భోజనం చేశాక నలుపు తెలుపు పెడితే సగం మంది నిద్రపోతారు, అందుకని ఆ వేళకి రంగులూ పాటలూ డాన్సులూ. నేర కథ చీకటి పడ్డాకే. సాయంత్రం కాసాబ్లాంకాకీ రాత్రి సినిమాకీ మధ్య రెండు గంటలకి పైగా ఖాళీ ఉంచాను. ఆ టైములో బయటికి వెళ్లి నడవండి, వంట చేసుకుని తినండి. ఆ విరామం లేకుండా చేస్తే చివరి సినిమా ఎవరికీ ఎక్కదు.

విశేషాలు చెప్పడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. సినిమాకి ముందు రెండు మాటలే, అవి కథ చెప్పేయకూడదు, ఎక్కడ చూడాలో మాత్రమే చెప్పాలి. నడుస్తుండగా నోరు విప్పకూడదు. మిగిలినదంతా అయ్యాక, కాఫీ దగ్గర.

నాలుగో మెట్టు: సినిమాలు, ఒక్కొక్కటే

*ద జనరల్.* బస్టర్ కీటన్ తీసి, నటించిన మూకీ. 1862 నాటి అమెరికా అంతర్యుద్ధంలో నిజంగా జరిగిన రైలు దొంగతనం దీనికి ఆధారం. ముందు చెప్పాల్సింది ఒక్కటే: ఇందులో ప్రమాదాలు నిజమైనవి. ప్రియురాలు కాదన్నాక కీటన్ దిగాలుగా వచ్చి ఇంజిను చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజిను కదులుతుంది. కడ్డీతో పాటు అతనూ పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ లేస్తాడు. ఆలోచనలో పడి ఆ సంగతే గమనించడు. చక్రం ఒక్కసారి జారి గిర్రున తిరిగి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. ఆ షాటులో అతని మొహంలో ఏమీ కదలకపోవడాన్ని చూడండి.

చివర్లో కాలుతున్న వంతెన మీద నుంచి ఇంజిను నదిలో పడిపోతుంది. అది బొమ్మ కాదు. ఆరెగన్ రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ దగ్గర అసలు ఇంజినుని నదిలోకి పడేశారు. ఒక్కసారే తీయగల షాటు. ఆ శిథిలం ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉండి, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తుక్కుగా పోయింది. ఇంత చేసినా సినిమా ఆడలేదు. 1928లో కీటన్ ఎంజీఎంలో చేరి తన స్వతంత్రం పోగొట్టుకున్నాడు. రిజిస్ట్రీ మొదలైన 1989లో ఎంపికైన తొలి 25 సినిమాల్లో ఇదొకటి.

మూకీలు చూసేటప్పుడు ప్రింటు ముఖ్యం. దీనికి కాపీరైటు లేదు కాబట్టి అరిగిపోయిన కాపీలు ఉచితంగా ఎన్నో దొరుకుతాయి. పునరుద్ధరించిన ప్రింటు, మంచి సంగీతం ఉన్నది వెతుక్కోండి. అసలు మిగిలి ఉండటమే అదృష్టం. అమెరికాలో తీసిన మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం పూర్తిగా పోయాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో అచ్చువేసిన అధ్యయనం తేల్చింది.

*ఇట్ హ్యాపెండ్ వన్ నైట్.* డబ్బున్న అమ్మాయి ఇంట్లోంచి పారిపోయి బస్సెక్కుతుంది, ఉద్యోగం ఊడిన విలేకరి తగులుకుంటాడు. కథ వింటుంటే తెలిసినట్టుంటే ఆశ్చర్యం లేదు. రాజ్ కపూర్, నర్గీస్‌ల 'చోరీ చోరీ' (1956), ఆమిర్ ఖాన్ 'దిల్ హై కి మాన్‌తా నహీ' (1991) ఇందులోంచి వచ్చినవే.

చూడాల్సింది తాడు మీద వేలాడేసిన దుప్పటి. ఒకే గదిలో రాత్రి గడపాల్సి వచ్చిన ఇద్దరి మధ్య అదే గోడ. సినిమా 1934 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఏడాది జులై నుంచి, తెర మీద ఏం చూపించకూడదో చెప్పే, హేస్ కోడ్ అని పిలిచే నియమావళిని స్టూడియోలు కచ్చితంగా అమలు చేయడం మొదలుపెట్టాయి, 1968 దాకా సాగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి హాలీవుడ్‌లో మొగుడూ పెళ్లాలు కూడా వేరువేరు మంచాల మీద పడుకోవాల్సి వచ్చింది. ఈ దుప్పటి వెనక ఉన్న సరదా, చొరవ ఆ గేటు పడకముందువి.

రోడ్డు పక్కన కారు ఆపడానికి క్లాడెట్ కోల్‌బెర్ స్కర్టు కొంచెం పైకెత్తే సీను అందరికీ తెలిసిందే. ఆమె మొదట ఒప్పుకోలేదు. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా ఇంకో అమ్మాయి కాలు తీయడానికి సిద్ధపడేసరికి పట్టుదల వచ్చి తనే చేసింది. అవార్డు రాదనుకుని 1935లో ఆస్కార్ రాత్రి రైలెక్కబోతుంటే స్టేషన్ నుంచి వెనక్కి తీసుకొచ్చారు, ప్రయాణపు బట్టల్లోనే అందుకుంది. చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, అయిదు పెద్ద అవార్డులూ గెలిచిన మొదటి సినిమా ఇదే. మళ్లీ ఆ ఘనత ఇంకో సినిమాకి దక్కింది 1975 నాటి 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్'తో.

*సింగిన్ ఇన్ ద రెయిన్.* ఈ అయిదింటిలో మన తెలుగువాళ్లకి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే. మూకీల నుంచి టాకీలకి మారేటప్పుడు జరిగిన గందరగోళం దీని కథ. 1927లో 'ద జాజ్ సింగర్' వచ్చాక హాలీవుడ్ పడ్డ పాట్లు ఇవి. మనకి 1932లో 'భక్త ప్రహ్లాద'తో టాకీ వచ్చాక, ప్లేబ్యాక్ పద్ధతి కుదిరేదాకా, నటులే కెమెరా ముందు పాడుకోవాల్సి వచ్చిన కాలం గుర్తున్నవాళ్లకి మైకు సీను ఇంకా బాగా పడుతుంది. మైకుని పొదలో దాస్తారు. హీరోయిన్ తల తిప్పినప్పుడల్లా మాట వినపడదు. ఆమె దుస్తుల్లో పెడితే గుండె చప్పుడు వినపడుతుంది.

ఇక డబ్బింగ్ సంగతి. కథలో లీనా అనే తారకి గొంతు కీచుగా ఉంటుంది, అందుకని కాథీ అనే కొత్త అమ్మాయి తెర వెనక నుంచి ఆమెకి గొంతిస్తుంది. కాథీగా డెబీ రేనాల్డ్స్, లీనాగా జీన్ హేగన్. అయితే కాథీ లీనాకి మాటలు డబ్బింగ్ చెప్పే సీనులో మనకి వినపడే ఆ చక్కటి గొంతు డెబీది కాదు, జీన్ హేగన్ సొంత గొంతు! కీచు గొంతు ఆమె నటన. కాథీ లీనా కోసం పాడే 'వుడ్ యూ' పాటలో ఉన్నదీ డెబీ కాదు, బెటీ నోయిస్ అనే గాయని. డబ్బింగ్ బండారం బయటపెట్టే సినిమాలోనే ఇంత డబ్బింగ్ ఉంది, పైగా ఆ గాయని పేరు టైటిల్స్‌లో లేదు. ప్లేబ్యాక్ గాయనీగాయకుల పేర్లని నోటి చివర ఉంచుకునే మనకి ఇది నిజంగా బాధ కలిగించే విషయం. సినిమా అయ్యాక ఇది చెప్పి, ఆ డబ్బింగ్ సీనుని వెనక్కి తిప్పి మళ్లీ చూపించండి. ఇంట్లో అందరూ లేచి కూర్చుంటారు.

వాన పాట తీసినప్పుడు హీరో జీన్ కెల్లీకి 103 డిగ్రీల జ్వరం. వాన చినుకులు కనపడాలని నీళ్లలో పాలు కలిపారన్న మాట నిజం కాదు. వెనక నుంచి లైట్లు వేసి మెరిపించారు. డెబీ రేనాల్డ్స్‌కి అప్పటికి 19 ఏళ్లు, డాన్సులో శిక్షణ లేదు. 'గుడ్ మార్నింగ్' పాట పొద్దుటి నుంచి రాత్రి దాకా తీసేసరికి కాళ్లు రక్తాలు కారాయి. ఆ పాట చివర ముగ్గురూ సోఫా దాటి పడి నవ్వుతారు. ఆ నవ్వు చూసేటప్పుడు ఆ కాళ్లు తలుచుకోండి. పాటల్లో ఎక్కువ భాగం కొత్తవి కావు, నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ పాతికేళ్ల కిందట మొదలుపెట్టి నేసియో హెర్బ్ బ్రౌన్‌తో కలిసి రాసినవే. పాటలు ముందు, వాటి చుట్టూ కథ తర్వాత. ఈ సినిమాకి ఒక్క ఆస్కార్ కూడా రాలేదు.

*కాసాబ్లాంకా.* ముందు ఒక్క విషయం చెప్పండి: ఇది యుద్ధం అయిపోయాక తీసిన యుద్ధం సినిమా కాదు. తీస్తున్నప్పుడు 1942, ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. నవంబరు 8న మిత్రదళాలు ఉత్తర ఆఫ్రికాలో దిగాయి, ఆ ఊరి పేరు పత్రికలకెక్కింది. వెంటనే నవంబరు 26న న్యూయార్క్‌లో హడావుడిగా విడుదల చేశారు.

కేఫ్‌లో జర్మన్ సైనికులు పాడుతుంటే మిగతావాళ్లంతా లేచి ఫ్రెంచి జాతీయగీతం అందుకునే సీను దగ్గర టీవీకి దగ్గరగా జరగండి. గిటారు పట్టుకున్న గాయనికీ, హీరోకీ మధ్యలో ఒక అమ్మాయి మొహం దగ్గరగా వస్తుంది. కళ్ల నిండా నీళ్లతో పాడుతుంది, చివర గొంతెత్తి ఫ్రాన్స్‌కి జై కొడుతుంది. ఆమె మాడలీన్ లెబో. జర్మన్లు ఫ్రాన్స్‌ని ఆక్రమించినప్పుడు భర్త మార్సెల్ డాలియోతో లిస్బన్ మీదుగా నిజంగా పారిపోయి వచ్చిన నటి. ఆ భర్తే ఈ సినిమాలో జూదపు బల్ల దగ్గర పని చేసే ఎమీల్. ఆ గదిలో ఉన్న చాలామంది అలా దేశం వదిలి వచ్చినవాళ్లే. జర్మన్ మేజర్‌గా వేసిన కాన్రాడ్ ఫైట్ కూడా నాజీల నుంచి తప్పించుకున్న జర్మనే. టైటిల్స్‌లో పేరున్న నటుల్లో అమెరికాలో పుట్టినవాళ్లు ముగ్గురే. 2016లో లెబో చనిపోయాక, పేరు పడ్డ నటుల్లో ఎవరూ మిగల్లేదు.

కేఫ్‌లో పియానో వాయించే సామ్‌గా వేసిన డూలీ విల్సన్ డ్రమ్స్ వాయించేవాడు, పియానో రాదు. చేతుల్ని గమనించండి, వాయించింది ఎలియట్ కార్పెంటర్. 'ప్లే ఇట్ అగైన్, సామ్' అన్న డైలాగు సినిమాలో ఎక్కడా లేదు, హీరోయిన్ ఇల్సా అనేది 'ప్లే ఇట్, సామ్' అని. కథంతా తిరిగే ఆ ప్రయాణ పత్రాలు కూడా కల్పితమే, అలాంటివి ఎప్పుడూ లేవు. ఆఖరి విమానాశ్రయం సీను స్టూడియో లోపల తీశారు. విమానం అట్టతో చేసిన చిన్న బొమ్మ. దూరంగా పెద్దగా ఉన్నట్టు కనపడాలని దాని దగ్గర పొట్టి మనుషుల్ని మెకానిక్కులుగా నిలబెట్టారు, పొగమంచుతో మిగతాది కప్పేశారు. ఇది తెలిసి చూసినా ఆ సీను బలం తగ్గదు.

*డబుల్ ఇండెమ్నిటీ.* గదిలో లైట్లన్నీ ఆపండి. ఇన్సూరెన్స్ ఏజెంటు, పాలసీ, ఒక హత్య. దర్శకుడు బిల్లీ వైల్డర్, నవలా రచయిత రేమండ్ చాండ్లర్‌తో కలిసి రాశాడు. మొదట్లో హీరో ఆ ఇంట్లోకి అడుగుపెట్టగానే కిటికీ పట్టీల నీడలు గోడ మీద పడతాయి, ఆ వెలుగులో దుమ్ము తేలుతుంటుంది. కెమెరామన్ జాన్ సైట్జ్ గాలిలో అల్యూమినియం పొడి చల్లి ఆ దుమ్ముని కనపడేలా చేశాడు. రంగులు వేస్తే పోయేది సరిగ్గా ఇదే.

రెండు చోట్ల కళ్లు పెట్టండి. హీరో ఆఫీసులో నడుస్తుంటే బయట కుర్చీలో పత్రిక చదువుతూ ఒకాయన తలెత్తి చూస్తాడు, ఆయనే చాండ్లర్. ఇంకోటి హీరో ఫ్లాటు తలుపు. వరండాలోకి, బయటికి తెరుచుకుంటుంది. ఇళ్ల తలుపులు అలా ఉండవు. హీరోయిన్ బార్బరా స్టాన్‌విక్ దాని వెనక దాక్కోవాలి కాబట్టి అలా పెట్టారు. ఆ క్షణంలో ఊపిరి బిగపట్టి చూస్తాం కాబట్టి తప్పు తడుతుందా అన్నది అసలు ప్రశ్న. సినిమా మొదటి నుంచీ అగ్గిపుల్ల ఎవరు ఎవరికి వెలిగిస్తున్నారో లెక్కపెడుతూ ఉండమని చెప్పండి. ఎందుకో ముందే చెప్పకండి.

అయిదో మెట్టు: విశేషం నిజమో కాదో తేల్చుకోవడం

చెడ్డ విశేషాలు మంచివాటి కంటే వేగంగా తిరుగుతాయి. 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్'లో చెట్ల మధ్య ఎవరో ఉరేసుకున్నట్టు కనపడుతుందంటారు, అది రెక్కలు చాచిన పెద్ద పక్షి. 1959 నాటి 'బెన్ హర్' రథాల పోటీలో మనిషి చనిపోయాడంటారు, ఎవరూ చనిపోలేదు. 'ఇట్ హ్యాపెండ్ వన్ నైట్'లో హీరో క్లార్క్ గేబుల్ చొక్కా కింద బనియన్ లేకుండా కనపడ్డాక దేశంలో బనియన్ల అమ్మకాలు పడిపోయాయంటారు, దానికి లెక్కల ఆధారం లేదు.

విశేషం మరీ అందంగా, నవ్వొచ్చేలా, సరిగ్గా అతికినట్టు ఉంటే ఒకసారి ఆగండి. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కేటలాగు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, ఒక్కో సినిమా చిత్రీకరణ చరిత్ర అందులో దొరుకుతుంది. అవార్డుల సంగతికి అకాడమీ వాళ్ల డేటాబేస్, రిజిస్ట్రీ సినిమాలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పెట్టిన వ్యాసాలు. అక్కడ లేనిదాన్ని 'అంటారు' అని చెప్పడం కంటే అసలు చెప్పకపోవడం నయం.

ఆరో మెట్టు: ఇబ్బంది పెట్టే చోట్లు

పిల్లలు పక్కనుంటే ఇది వదిలేయడానికి వీల్లేదు. 'ద జనరల్' హీరో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది పక్షం. సినిమా ఆ మాట ఎత్తదు, మీరు ఎత్తాలి. 'గాన్ విత్ ద విండ్'లో నటనకి హాటీ మెక్‌డానియల్ 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ అందుకుంది, ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ రాత్రి అదే హాల్లో ఆమెని తోటి నటుల నుంచి వేరుగా, పక్కన ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. టీసీఎం 2021 మార్చిలో ఇలాంటి 18 సినిమాలని వేసి, వాటిలోని జాతి, స్త్రీ చిత్రణల మీద వ్యాఖ్యాతలతో సూటిగా మాట్లాడించింది. సినిమాని దాచేయడం కంటే చూసి మాట్లాడుకోవడం మంచిదన్న ఆ పద్ధతే ఇంట్లోనూ పాటించండి.

ఏడో మెట్టు: రాత్రి క్విజ్

సంవత్సరాలు, అవార్డుల లెక్కలు అడిగితే ఫోన్లు బయటికొస్తాయి. కళ్లతో చూసినవాళ్లే చెప్పగలిగేవి అడగండి. కీటన్ పట్టాల మీద అడ్డంగా పడున్న దుంగని దేనితో ఎగరగొట్టాడు? (ఇంకో దుంగతో.) దుప్పటికి ఆ జంట పెట్టుకున్న పేరేంటి? (జెరికో గోడలు.) వాన పాట చివర గొడుగు ఎవరికి దక్కింది? (దారిన పోయే మనిషికి.) చివర్లో అగ్గిపుల్ల ఎవరు వెలిగించారు? ఈ ఆఖరిదానికి జవాబు ఇక్కడ రాయను, సినిమా అందులోనే ఉంది.

రెండోసారి చేసేటప్పుడు

వరస అలాగే ఉంచి సినిమాలు మార్చండి. పొద్దున చాప్లిన్ 'మోడర్న్ టైమ్స్', మధ్యాహ్నం 'రోమన్ హాలిడే', రాత్రి 'సైకో' చక్కగా కుదురుతాయి. హిచ్‌కాక్‌ది 'నార్త్ బై నార్త్‌వెస్ట్' పెడితే కొండ దగ్గర కాంటీన్ సీనులో వెనక కూర్చున్న కుర్రాణ్ని చూడండి. తుపాకీ పేలకముందే చెవులు మూసుకుంటాడు.

డిసెంబరు అయితే 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. టీవీ వల్లే బతికిన సినిమా అది. 1946లో వచ్చినప్పుడు పెద్దగా ఆడలేదు. 1974లో కాపీరైటు పొడిగించుకోవడం మర్చిపోవడంతో ఊరూరా టీవీ స్టేషన్లు క్రిస్మస్‌కి ఉచితంగా వేసుకున్నాయి, ఏటా వేశాయి, జనం దాన్ని తమదిగా చేసుకున్నారు. అందులో మంచు కురిసే సీన్లు తీసింది మండు వేసవిలో. అడుగుల కింద కరకరలాడని కొత్త రకం మంచుని మంటలార్పే నురగతో, సబ్బుతో తయారు చేసి, దానికి సాంకేతిక పురస్కారం కూడా అందుకున్నారు.

చిన్నపిల్లలున్న ఇంట్లో మధ్యాహ్నానికి 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్' పెట్టండి. 1956 నవంబరు 3న సీబీఎస్ దాన్ని మొదటిసారి టీవీలో వేసినప్పుడు చాలా ఇళ్లలో ఉన్నవి నలుపు తెలుపు సెట్లు. కాన్సాస్ నుంచి ఓజ్‌లోకి రంగు మారడం వాళ్లకి కనపడే అవకాశమే లేదు. మీకు కనపడుతుంది కాబట్టి ఆ తలుపు తెరుచుకునే షాటుని ఆపి ఆపి చూడండి. ఆ షాటుని రంగు ఫిల్ము మీదే తీశారు, ఇంటి లోపలి గోడలకి మాత్రం గోధుమరంగు పూశారు. తలుపు దాకా వెళ్లి తెరిచేది గోధుమరంగు గౌను వేసుకున్న డూపు. ఆమె పక్కకి తప్పుకోగానే నీలం గౌనులో జూడీ గార్లాండ్ ముందుకొస్తుంది.